మన పాత కట్టడాలు - మన ఊరి అభివృద్ధి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అభివృద్ధి అనగానే మనకు కొత్త రోడ్డు, కొత్త స్లాబు గుర్తుకొస్తాయి. అవీ కావలసినవే. అయితే పాత కట్టడాన్ని నిలబెట్టుకోవడం కూడా అభివృద్ధేనని మనవి చేయదలిచాను.

మన మర్రిపాడుకు ఉత్తరాన ఉన్న ఉదయగిరి దుర్గాన్నే తీసుకోండి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దీనిని గజపతుల నుంచి జయించి, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్లి గుడి కట్టించారు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1642-43లో, ఘాజీ అలీ మసీదు కట్టించినట్లు ఫార్సీ శాసనం చెబుతుంది. కొండమీద చిన్న మసీదు, పెద్ద మసీదు ఉన్నాయి. కింద ఊళ్లో రంగనాయకస్వామి గుడి ఉంది. ఈ సొత్తు మనందరిదీ.

ఆ అబ్దుల్లా కుతుబ్‌షా సమాధి హైదరాబాదులో ఉంది. అక్కడి కుతుబ్‌షాహీ సమాధులను ఆగాఖాన్ ట్రస్టు, ప్రభుత్వ పురావస్తు శాఖ కలిసి 2013 నుంచి 2024 దాకా బాగుచేయించాయి. వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును చెక్కి తీసి, మళ్లీ సున్నం పూయించారు. కూలిన బడీ బావిని నిలబెట్టారు. అక్కడి మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం కూడా వచ్చింది.

సిమెంటు ఎందుకు తీశారంటారా? సున్నపు గోడలో చేరిన చెమ్మ బయటికి ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే దానికి దారి ఉండదు. లోపలే నిలిచి సున్నాన్నీ, ఇటుకనూ తినేస్తుంది. పెచ్చులూడినప్పుడు మనం "పాత గోడ గదా!" అని సరిపెట్టుకుంటాం.

ఇక డబ్బు లెక్క. సిమెంటుకూ, ఇనుముకూ పెట్టిన రూపాయి ఊరు దాటి పోతుంది. సున్నపు పనిలో ఎక్కువ భాగం కూలికే పోతుంది. సున్నం నూరేవాళ్లు, ఇసుక తోలేవాళ్లు, మేస్త్రీ, అందరూ మనవాళ్లే. ఉదయగిరిలో మన ఆడపడుచులు చెక్కే కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. దుర్గం చూడవచ్చినవాళ్లు వాటిని కొంటే ఆ సొమ్ము నేరుగా ఆ ఇళ్లకే చేరుతుంది. దుర్గమే పాడుబడితే చూడవచ్చేదెవరు?

మన జమాతులో పాత మసీదును పడగొట్టి స్లాబు వేద్దామన్న మాట నడుస్తోంది. జుమాకు చోటు చాలడం లేదన్నది నిజమే. వెనుక ఖాళీ స్థలంలో కొత్త హాలు కట్టి, పాతదాన్ని ముందుభాగంగా ఉంచుకోవచ్చు గదా! తీర్మానం చేసేముందు డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిపించి గోడలు చూపిద్దాం. కూలే స్థితిలో ఉందంటే పడగొట్టడానికి నేనూ చెయ్యెత్తుతాను. ప్రాణం కంటే గోడ ఎక్కువ కాదు. బాగవుతుందంటే మన కుర్రవాళ్లను ఇద్దరిని ఆయన దగ్గర పనికి పెడదాం. నేర్చుకున్నన్నాళ్లు వాళ్ల కూలి సంఘం భరించాలి. పని చేతికొస్తే చుట్టుపక్కల గుళ్లకూ, మసీదులకూ, మిద్దెలకూ వాళ్లనే పిలుస్తారు.

ఉర్దూ చదివే పిల్లలు ఫార్సీ శాసనంలో అక్షరాలు పోల్చుకోగలరు. ఈ సంవత్సరం వాళ్లను కొండకు తీసుకుపోయే బాధ్యత నాకు ఇవ్వండి.