సొరుగులో దాచిన తెలివి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగులు తమకు తెలిసినది ఒకరికొకరు చెప్పుకొంటే కార్యాలయంలో కొత్త పద్ధతులు ఎలా పుడతాయో మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. నేను పండితుడను కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు మోసిన గుమాస్తాను. చూసినదే చెబుతాను.

మన ఆఫీసు మాన్యువల్ వ్రాసిన పెద్దలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. ప్రతి గుమాస్తా పర్సనల్ రిజిస్టరుతోపాటు స్టాకు ఫైలు కూడా ఉంచాలన్నారు. ముందుముందు పనికివచ్చే ఉత్తర్వులు, నిర్ణయాలు అందులో చేర్చి, సీటు మారినప్పుడు వచ్చినవారికి అప్పగించాలి. అనగా ఆ తెలివి మనిషిది కాదు, సీటుది. ఆచరణలో మనమేం చేశాము? స్టాకు ఫైలు సొరుగులో, తాళంచెవి జేబులో! "ఆయన లేకపోతే పని జరగదు" అనిపించుకోవడమే గొప్ప అనుకొన్నాము.

నేను 1974లో సర్వీసులో చేరాను. కొల్లేరు లంకలున్న ఒక తాలూకా కార్యాలయంలో పనిచేస్తుండగా, ఒక వర్షాకాలంలో తమ్మిలేరు, బుడమేరు ఒక్కసారే పొంగాయి. వచ్చినంత నీటిని ఉప్పుటేరు లాగలేకపోయింది. పాత ముంపులో ఏ లంకకు ఏ దారిన బియ్యం పంపారో తెలిపే కాగితాలు సీనియర్ గుమాస్తాగారి సొరుగులో ఉన్నాయి. ఆయన జబ్బుతో సెలవులో ఉన్నారు. దారులు వెదకడంలోనే రెండు రోజులు గడిచాయి. చివరకు లంకలో పుట్టి పెరిగిన మా బంట్రోతు "గుమాస్తాగారూ, నన్నడిగితే నేను చెబుదును గదండీ" అన్నాడు. ఏ లంక ముందు మునుగుతుందో, బండి ఎక్కడివరకు పోతుందో, తాటిదోనె ఎక్కడ ఎక్కాలో అన్నీ చెప్పాడు. నేను వ్రాసుకొన్నాను. మరుసటి ఏడు గ్రామవారీ పట్టిక తయారుచేసి గోడకు అంటించాము. నీరు రాకముందే దోనెలు మాట్లాడి ఉంచాము. మా లంకలవారు ఆ ఏడు బియ్యం కోసం ఎదురుచూడలేదు.

జమాబందీకి వచ్చిన పై అధికారి ఆ పట్టిక చూసి నన్ను మెచ్చుకొన్నారు. బంట్రోతు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఇది ఇతడు చెప్పినదండీ" అన్న ఒక్క మాట నా నోట రాలేదు. అతడూ ఏమీ అనలేదు. కాని ఆ తర్వాత తానుగా వచ్చి నాకు ఏ సంగతీ చెప్పలేదు. చెప్పినవాడి పేరు మింగేస్తే రెండవసారి చెప్పేవాడుండడని అప్పుడు తెలిసింది. అతడు బ్రతికుండగా ఈ మాట ఒప్పుకోలేకపోయాను. నేడు మీ అందరి ముందు ఒప్పుకొంటున్నాను.

కాటన్ దొరగారిని చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే ఉపాయం కావేరిపై కల్లణై కట్టిన మన పూర్వుల నుండి నేర్చుకొన్నదేనని ఆయనే వ్రాశారు. ఆ నీరే నేడు తాడేపల్లిగూడెం మీదుగా మన ఏలూరు కాలువలో పారుతున్నది.

1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఇప్పుడు వద్దు. అడంగళ్లు చేతికి వచ్చాయి. గట్టు తగాదా ఎక్కడ మొదలైందో మాత్రం కాగితంలో లేదు. కరణంగారి తలలోనే ఉండిపోయింది.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించక ముందు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టక ముందు, అక్కడ నీరు ఎటు నడిచేదో కళ్లారా చూసినవారు మనలో ఉన్నారు. 2024లో బుడమేరు బెజవాడను ముంచినప్పుడు అటువంటివారి మాట విలువ తెలిసింది. కనుక నా మనవి: నెలకొకసారి సంఘ కార్యాలయంలో కూర్చుందాము. తెలిసినవారు చెప్పాలి, పిల్లలు వ్రాయాలి. ప్రతి సంగతి క్రింద చెప్పినవారి పేరు ఉండాలి.

చివరగా ఇంటి మాట. పెన్షను కాగితాలు ఎక్కడున్నాయో, కుటుంబ పెన్షనుకు ఏమేమి కావాలో మీ ఇంటి ఆడవారికి ఈ రాత్రే చెప్పండి. ఆ సొరుగు కూడా తెరవవలసినదే.