గద్దె దింపింది కొవ్వొత్తా, కోర్టా?

(విద్యార్థులు, ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవ్వాళ మనం మాట్లాడుకోబోయే ముచ్చట దక్షిణ కొరియాది. 2017 మార్చి 10న ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్షురాలు పార్క్ గ్యున్ హేను పదవి నుంచి తొలగించింది. తీర్పు చెప్పిన ఎనిమిది మంది న్యాయమూర్తులదీ ఒకటే మాట. లక్షల మంది వీధుల్లోకి రావడం వల్లే ఇది జరిగిందని కొందరంటారు. చట్టం తన పని తాను చేసిందని మరికొందరంటారు. మేం పత్రికల్లో పనిచేసేవాళ్లం, జెండా పట్టుకొని నడిచినవాళ్లం కూడా. రెండు మాటల్లోనూ సగం సగమే నిజం ఉందని మా అభిప్రాయం. మిగతా సగం ఏమిటో చూద్దాం.

ముందుగా ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర రాష్ట్రపతిని తొలగించాలంటే 61వ అధికరణం కింద పార్లమెంటు ఉభయ సభల్లోనూ మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు. ఎందుకంటే అసలు అధికారం ప్రధానిది, మంత్రివర్గానిది. కొరియాలో అట్లా కాదు. అక్కడ అధ్యక్షుణ్ని ఐదేళ్లకు ఒకసారి ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. సర్కారు మొత్తం ఆయన చేతిలోనే ఉంటుంది. అవిశ్వాసం పెట్టి దించేద్దామంటే కుదరదు. అభిశంసన ఒక్కటే దారి. 300 మంది ఉన్న జాతీయ సభలో 200 మంది ఓటెయ్యాలి. ఆ తర్వాత రాజ్యాంగ న్యాయస్థానంలో కనీసం ఆరుగురు న్యాయమూర్తులు ఒప్పుకోవాలి. ఈ న్యాయస్థానం కూడా ఊరికే రాలేదు. 1987లో విద్యార్థులు, కార్మికులు నెత్తురు ధారపోసి సైనిక పాలన మెడలు వంచితే వచ్చిన రాజ్యాంగం పెట్టిన కోర్టు అది.

తండ్రి వారసత్వం, స్నేహితురాలి పెత్తనం

పార్క్ గ్యున్ హే ఎవరు? 1961లో సైనిక కుట్రతో గద్దెనెక్కి, 1979లో తన గూఢచారి సంస్థ అధిపతి చేతిలోనే హతమయ్యేదాకా ఏలిన పార్క్ చుంగ్ హీ కూతురు. 2012 డిసెంబర్ ఎన్నికల్లో 51.6 శాతం ఓట్లతో గెలిచి, ఆ దేశ తొలి మహిళా అధ్యక్షురాలైంది.

ఆమెకు చోయి సూన్ సిల్ అనే చిరకాల స్నేహితురాలు ఉండేది. ఆమెకు ప్రభుత్వంలో ఏ పదవీ లేదు, ఏ కొలువూ లేదు. అయినా అధ్యక్షురాలు చదవాల్సిన ప్రసంగాల ముసాయిదాలు ముందుగా ఆమె దగ్గరికే పోయేవి. 2016 అక్టోబర్ 24న జేటీబీసీ అనే టీవీ ఛానల్ ఒక టాబ్లెట్ కంప్యూటర్‌లో దొరికిన దస్త్రాలను బయటపెట్టింది. మర్నాడే అధ్యక్షురాలు టీవీలోకి వచ్చి క్షమాపణ చెప్పింది. అంతకుముందే మరో సంగతి బయటికొచ్చింది. సంస్కృతి పేరు మీద ఒకటి, క్రీడల పేరు మీద ఒకటి రెండు ఫౌండేషన్లు పెట్టి, పెద్ద కంపెనీల నుంచి 7,740 కోట్ల వాన్‌లు వసూలు చేశారు. మన రూపాయల్లో అప్పటి లెక్కన 450 కోట్ల దాకా ఉంటుంది. అందులో పెద్ద వాటా శాంసంగ్‌ది. వసూలు చేయించింది అధ్యక్ష భవనం, తెర వెనుక నడిపింది చోయి.

మొదట కదిలింది ఎవరు?

ఈ కుంభకోణాన్ని ఒక్క టీవీ ఛానలే బయటపెట్టిందనుకుంటే పొరపాటు. ఆ ఏడాది జూలై చివర్లోనే ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయంలో విద్యార్థినులు కొత్త కోర్సుల కళాశాల వద్దంటూ పాలనా భవనంలో బైఠాయించారు. వాళ్లను బయటికి లాగడానికి 1,600 మంది పోలీసులు దిగారు. ఆ కోర్సును యాజమాన్యం వెనక్కి తీసుకున్నా, పోలీసులను పిలిపించిన అధ్యక్షురాలు దిగిపోవాలని విద్యార్థినులు కదల్లేదు. చోయి కూతురికి గుర్రపు స్వారీ కోటాలో అక్కడ అక్రమంగా సీటిచ్చారని, క్లాసుకు రాకున్నా మార్కులు వేశారని బయటపడ్డది ఆ పోరాటం నడుస్తుండగానే. అక్టోబర్ 19న విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు రాజీనామా చేసింది. డబ్బుండటం కూడా ప్రతిభే, లేకుంటే మీ అమ్మానాన్నలను తిట్టుకోండి అనే అర్థంలో ఆ పిల్ల గతంలో రాసిన రాత కూడా వెలుగులోకి వచ్చింది. అహోరాత్రాలు చదివి పరీక్షలు రాసే కొరియా యువతకు అది ఎక్కడ తగిలిందో వేరే చెప్పనక్కర్లేదు.

రైతుల బాధ ఇంకా పాతది. 2015 నవంబర్‌లో ధాన్యం ధర హామీ ఏమైందని అడగడానికి రాజధాని సియోల్‌కు వచ్చిన బేక్ నామ్ గి అనే వృద్ధ రైతును పోలీసుల నీటి ఫిరంగి కొట్టి పడేసింది. పది నెలలు స్పృహ లేకుండా ఉండి 2016 సెప్టెంబర్‌లో కన్నుమూశాడు. అదే సెప్టెంబర్‌లో పనితీరు జీతాల పద్ధతి వద్దని రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. 70 రోజులకు పైగా నడిచింది ఆ సమ్మె. ఉపాధ్యాయుల సంఘానికి 2013లోనే గుర్తింపు తీసేశారు. ఉద్యోగం పోయిన తొమ్మిది మందిని సభ్యులుగా ఉంచుకోవడం దాని నేరమట!

అన్నిటికన్నా పెద్ద గాయం సెవోల్ ఓడ. 2014 ఏప్రిల్ 16న 476 మందితో పోతున్న ఆ ఓడ మునిగింది. 304 మంది చనిపోయారు. వాళ్లలో 250 మంది ఒకే హైస్కూలు పిల్లలు. ఎక్కడివాళ్లు అక్కడే ఉండండని మైకులో చెప్తే, విని ఉన్నవాళ్లు పోయారు. ఆ ఏడు గంటలు దేశాధ్యక్షురాలు ఏం చేస్తోందని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

అక్టోబర్ 29న గ్వాంగ్‌వామున్ కూడలి వైపు కొవ్వొత్తులతో కదిలిన జనంలో వీళ్లంతా ఉన్నారు. 1,500కు పైగా సంఘాలు ఒక్క వేదిక కిందికి వచ్చాయి. ఎవరి జెండా వారిదే, ఎవరి డిమాండు వారిదే. అందరినీ కలిపిన నినాదం మాత్రం ఒక్కటే: దిగిపో!

ఒక్క వారంలో తిరిగిన లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గాలప్ కొరియా సర్వేలో అధ్యక్షురాలి ఆదరణ నవంబర్ చివరికి 4 శాతానికి పడిపోయింది. అయినా సభలో లెక్క కుదరలేదు. ప్రతిపక్షాలు, స్వతంత్రులు కలిపి 172 మంది. పాలకపక్షం సేనూరి పార్టీకి 128 మంది. అంటే ఆ పార్టీలోంచి 28 మంది వస్తే గానీ 200 నిండదు.

నవంబర్ 29న పార్క్ ఒక ఎత్తు వేసింది. నా పదవీకాలం తగ్గింపు సంగతి సభకే వదిలేస్తున్నాను, మీరే తేల్చండి అన్నది. రాజీనామా అనలేదు, తేదీ చెప్పలేదు. మాట తియ్యగానే ఉంది, చేతికి మాత్రం ఏమీ రాలేదు. దాంతో పాలకపక్షంలోని అసమ్మతి వర్గం మెత్తబడ్డది. ఏప్రిల్‌లో దిగిపోతే చాలు, అభిశంసన ఎందుకని ఆ పార్టీ డిసెంబర్ 1న తీర్మానించింది. డిసెంబర్ 2న పెట్టాలనుకున్న ఓటింగ్ జారిపోయింది.

అప్పుడు జనం ఏం చేశారు? డిసెంబర్ 3 శనివారం దేశమంతటా కలిపి 23 లక్షల మంది బయటికి వచ్చారని నిర్వాహకుల లెక్క. పోలీసులు చెప్పింది నాలుగు లక్షల పైచిలుకు. ఏ లెక్క తీసుకున్నా, అంతకుముందు ఏ శనివారమూ అంతమంది రాలేదు. గాలి వీస్తే కొవ్వొత్తులు ఆరిపోతాయని అంతకుముందు పాలకపక్ష సభ్యుడొకరు ఎకసెక్కమాడితే, జనం బ్యాటరీ దీపాలు పట్టుకొని వచ్చారు. అధ్యక్ష భవనానికి వంద మీటర్ల దూరందాకా ఊరేగింపు పోవచ్చని కోర్టు అనుమతిచ్చింది. పోయారు, రాయి విసరకుండా తిరిగి వచ్చారు. మర్నాడు అసమ్మతి వర్గం మాట మార్చుకొని, ఓటింగ్‌లో పాల్గొంటామన్నది.

డిసెంబర్ 9న ఓట్లు లెక్కపెడితే అనుకూలం 234, వ్యతిరేకం 56. అంటే పాలకపక్షం నుంచి 28 కాదు, కనీసం 62 మంది కలిసివచ్చారు. సెవోల్ బాధిత కుటుంబాలు గ్యాలరీలో కూర్చొని చూశాయి. పాలకపక్షం మనసు మార్చింది రాజ్యాంగం మీద ప్రేమ కాదు. మర్నాడు నియోజకవర్గంలో ముఖం చూపెట్టుకోవాలన్న భయం.

కోర్టు అడిగింది కాగితం

వీధి పని అక్కడికి అయింది. కోర్టులో మాత్రం జనం సంఖ్య చెల్లదు. అక్కడ చెల్లేది రుజువు. అధ్యక్షురాలి ఆర్థిక కార్యదర్శి ఆదేశాలను ఎప్పటికప్పుడు రాసుకున్న డైరీలు, మరో సహాయకుడి ఫోన్ రికార్డింగులు, టాబ్లెట్‌లోని దస్త్రాలు అక్కడ మాట్లాడాయి. స్నేహితురాలి లాభం కోసం అధికారాన్ని దుర్వినియోగం చేసిందని, కంపెనీల స్వేచ్ఛను హరించిందని, రహస్య పత్రాలను బయటికి పంపిందని న్యాయస్థానం తేల్చింది.

కానీ మిత్రులారా, సెవోల్‌ను తొలగింపుకు కారణంగా కోర్టు ఒప్పుకోలేదు. ప్రాణాలు కాపాడే బాధ్యత అధ్యక్షురాలికి ఉన్నదే గానీ, ఆ పని ఎంత శ్రద్ధగా చేసిందో కొలవడం తమ పని కాదన్నది. బాధ్యత తప్పిందని ఇద్దరు న్యాయమూర్తులు అదనంగా రాశారు. అయినా అది పదవి తీసేయడానికి చాలదన్నారు. ఆ తల్లిదండ్రులు మూడేళ్లు వీధిలో కూర్చోకుంటే ఈ ఉద్యమానికి ఆ బలం వచ్చేది కాదు. గెలిచిన నాడు తీర్పులో వాళ్ల పిల్లల పేరు మీద శిక్ష లేదు. కోపం న్యాయమైనదే అయినా, అది కోర్టు ముందు రుజువుగా నిలబడకపోవచ్చు. ఉద్యమంలో ఉన్నవాళ్లు దీన్ని ముందే తెలుసుకోవాలి.

ఉద్యోగ మిత్రులకు ఇంకో ముచ్చట. సాంస్కృతిక శాఖలో నో టే కాంగ్ అనే అధికారి 2013లో గుర్రపు స్వారీ సంఘం వ్యవహారం మీద ఉన్నది ఉన్నట్టు నివేదిక ఇచ్చాడు. అది చోయి మనుషులకు నచ్చలేదు. చెడ్డవాడని అధ్యక్షురాలు ముద్ర వేస్తే ఆయన కుర్చీ పోయింది, 2016లో ఉద్యోగమే పోయింది. ఈ సంగతిని కూడా కోర్టు తొలగింపు కారణాల్లో చేర్చలేదు. కానీ సర్కారు మారాక 2017 జూన్‌లో అదే శాఖకు ఉపమంత్రిగా తిరిగి వచ్చాడు. ఆయన ఊరేగింపులో నినాదమిచ్చింది లేదు. ఫైలు మీద అబద్ధం రాయనన్నాడు, అంతే. అది కూడా ఉద్యమమే.

దించడంతో అయిపోలేదు

ఆ తర్వాత ఏమైంది? 2018లో పార్క్‌కు 24 ఏళ్ల జైలుశిక్ష పడింది. అప్పీళ్లన్నీ అయ్యాక 2021 జనవరికి మొత్తం 22 ఏళ్లుగా తేలింది. అదే ఏడాది చివర క్షమాభిక్షతో విడుదలైంది. లంచం కేసులో జైలుకు పోయిన శాంసంగ్ వారసుడు లీ జే యాంగ్‌కు 2022లో క్షమాభిక్ష దొరికింది. రాజకీయ నాయకురాలు గద్దె దిగింది. కంపెనీల పెత్తనం మాత్రం అక్కడే ఉంది.

ఇంకో విచిత్రం వినండి. ఆ కుంభకోణం మీద దర్యాప్తు చేసిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ బృందంలో ముఖ్యుడు యూన్ సుక్ యోల్. ఆ పేరుతోనే పైకి వచ్చి 2022లో అధ్యక్షుడయ్యాడు. 2024 డిసెంబర్ 3 రాత్రి సైనిక శాసనం ప్రకటించాడు! జనం ఆ రాత్రే సభ ముందుకు ఉరికారు. సైనికులు భవనంలోకి చొరబడినా 190 మంది సభ్యులు లోపలికి చేరి, ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆ శాసనాన్ని ఎత్తేయాలని తీర్మానించారు. డిసెంబర్ 7న అభిశంసన పెడితే పాలకపక్షం బహిష్కరించడంతో వీగిపోయింది. జనం ఇంటికి పోలేదు. వారం తిరిగేసరికి 204 ఓట్లు పడ్డాయి. 2025 ఏప్రిల్ 4న కోర్టు ఆయననూ ఏకగ్రీవంగానే తొలగించింది.

మనిషిని నమ్ముకుంటే ఇట్లనే ఉంటది. నిన్న దర్యాప్తు చేసినవాడే ఇవ్వాళ ముద్దాయి కావొచ్చు. కొరియా ప్రజలకు రెండోసారి ఆసరా అయింది ఏ నాయకుడూ కాదు. 2016లో నేర్చుకున్న అలవాటు.

కొవ్వొత్తా, కోర్టా అని అడిగితే మా జవాబు ఇది. జనం కదలకుంటే సభ కదలదు. సభ కదలకుంటే కోర్టు దాకా పోదు. కోర్టు దాకా పోయినా చేతిలో కాగితం లేకుంటే నిలబడదు. అందుకే విద్యార్థులు కాగితాలు చదవడం నేర్చుకోవాలి, సమాచార హక్కు చట్టాన్ని వాడటం నేర్చుకోవాలి. ఉద్యోగులు ఫైలు మీద నిజం రాయడం మానొద్దు. మా పత్రికల వాళ్లం రాసిన ప్రతి ముక్కకూ రుజువు దగ్గర పెట్టుకోవాలి. గద్దె మీద ఎవరున్నా, మనం ఓటేసి గెలిపించినవాళ్లే ఉన్నా, ఈ పని ఆగొద్దు.