మందు దుకాణం జాగా ఎవరు తేల్చాలి?

ఈ స్మారకోపన్యాసం ఏ మాస్టారి పేరిటో, ఆయన సేవల గురించి అధ్యక్షులు వివరంగా చెప్పారు. నేను ఒక్క మాటే చేరుస్తాను. తాను ఒప్పుకోని జవాబుకైనా, వాదన నిలిస్తే ఆయన మార్కులు వేసేవారు. తాగుడు మనిషి బలహీనత అని ఆయన నమ్మకం. కాదు, సరుకు ఎక్కడ, ఎంత సులువుగా దొరుకుతుందన్నదే అసలు సంగతి అని నా వాదన. ఆయన పేరిట జరిగే సభలోనే దాన్ని మళ్లీ వినిపిస్తున్నాను.

తాగుడు కాలేయాన్నీ కాపురాన్నీ ఏం చేస్తుందో వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి వార్డులు చూసిన ఈ ఊరికి నేను చెప్పనక్కర్లేదు. డీఅడిక్షన్ కేంద్రాలూ, బడుల్లో పాఠాలూ కావలసినవే. వాటితో నాకు పేచీ లేదు.

పేచీ ఒక తీర్పుతో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995 జనవరి 16న అమలుకొచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు, కనుక సారా వ్యతిరేకోద్యమం ఓడిందని మన మేధావులు తేల్చేశారు. ఇది రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా చూడటం. 1980ల్లో 'వారుణి వాహిని' పేరిట సర్కారే సారాను ప్యాకెట్లలో పోసి అమ్మింది. జేబులో పట్టే ప్యాకెట్టు కూలి మనిషి ఉన్నచోటికే వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు మొగుళ్లకు బుద్ధి చెప్పమని ఎవరినీ వేడుకోలేదు. సారాను ఊళ్లోకి రానివ్వబోమన్నారు. ఉద్యమం జిల్లా అంతటా పాకి సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1997లో మద్యం దుకాణాలు తెరిచిన సర్కారు కూడా సారాను తిరిగి తేలేదు. ఓడింది పైనుంచి వచ్చిన నిషేధం. ఊళ్లు అడిగి సాధించుకున్నది నిలిచింది.

మనిషిని కాక పరిస్థితిని చూడాలన్న ఈ ఆలోచనకు పరిశోధన దన్నూ ఉంది. ప్రజారోగ్య పరిశోధకుడు జెఫ్రీ రోజ్ 1985లోనే చెప్పాడు: ఒక మనిషికి జబ్బు ఎందుకొచ్చిందన్నది ఒక ప్రశ్న, ఒక జనాభాలో అంత జబ్బు ఎందుకుందన్నది వేరే ప్రశ్న. థామస్ బాబర్, ఆయన సహచరులు 2003లో వెలువరించిన గ్రంథం దేశదేశాల పరిశోధనలు తూచి, ధర, అమ్మే వేళలు, దుకాణాల సంఖ్య వంటి వాటిపై అదుపే ఉపదేశం కన్నా ఎక్కువ పనిచేస్తుందని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన 'సేఫర్' కార్యక్రమంలోనూ మద్యం అందుబాటును తగ్గించడం ముఖ్యాంశం.

"దుకాణం మూస్తే గుడుంబా వస్తుంది" అన్నది వరంగల్‌లో నాకు ఎప్పుడూ ఎదురయ్యే మాట. వస్తుంది, దాని తయారీకి వాడే నల్లబెల్లం, పటిక అడ్డూఅదుపూ లేకుండా దొరికితే. అంటే గుడుంబా కూడా సరుకు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నే. ఈ అభ్యంతరం నా వాదనకే బలం.

మరి దుకాణం జాగా ఎవరు తేల్చాలి? 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు ఇవ్వాలంటుంది. ఏటూరునాగారం, తాడ్వాయి ఏజెన్సీ ఊళ్లకు చట్టం ఇచ్చిన ఆ హక్కు హన్మకొండ వాడలకు లేదు. ఇక్కడ ఎక్సైజు శాఖ లాటరీ తీస్తుంది. 2023లో తెలంగాణలోని 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పట్లో ఒక్కో దరఖాస్తుకు రుసుము రూ.2 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగివ్వలేదు. ఇంత రాబడి చూసిన ఖజానా తనంతట తాను దుకాణాలు తగ్గిస్తుందా?

అందుకే నేనూ నా విద్యార్థులూ ఇప్పుడు కాజీపేట నుంచి వరంగల్ స్టేషను దాకా పటం గీస్తున్నాం. దుకాణాలు, పర్మిట్ రూములు, బెల్టు షాపులు, వాటి పక్కన బడులు, కూలి అడ్డాలు, బస్టాపులు అందులో గుర్తిస్తున్నాం. ఏ వాడ పటం ఆ వాడ మహిళా సంఘం చేతికే ఇస్తాం. లైసెన్సుకు ముందు వాడసభ సమ్మతి తప్పనిసరి చేయాలి. సమ్మతి లేనిచోట లాటరీ తీయకూడదు. ఈ మేరకు చట్ట సవరణ ముసాయిదా సిద్ధం చేస్తున్నాం. మీ వాడ పటానికి మీరు రండి. మాస్టారు ఉంటే ఆయనతో కూడా ఇదే వాదించేవాణ్ణి.