ముప్పావు అంగుళం ఇటుక

ఈరోజు మీతో ఇటుకల గురించి మాట్లాడదలిచాను. మనం కాపురముండే ఇంటి ఇటుకలు కావు, బొమ్మ ఇంటికి పనికివచ్చే చిట్టి ఇటుకలు.

మాది హోసూరు. ఇంట్లో మేము ఇటుక అంటే, మేస్త్రి సెంగల్ అంటాడు, పక్కింటివారు ఇట్టిగె అంటారు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకనాడు వచ్చి, "టీచర్, మా అవ్వ ఇల్లు ఎండాకాలంలో పడగొట్టేస్తారంట. బొమ్మగానైనా కట్టి పెట్టుకుందామా?" అని అడిగింది. అట్టకు ఎర్రరంగు పూస్తే గంటలో ఒక ఇల్లు తయారవుతుంది. కాని ఆ పిల్ల అడిగింది వాళ్ల ఇంటిని. సరేనన్నాను.

ముందు కొలతలు తీశాం. పెచ్చులూడిన గోడలో ఇటుక పొడవు 9 అంగుళాలు, వెడల్పు 4½, మందం 3. అడుగుకు ఒక అంగుళం లెక్కన తగ్గిస్తే పొడవు ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. వెడల్పు అందులో సగం. మందం పావు అంగుళం. ఇటుకకూ ఇటుకకూ నడుమ సందు ఒక్క మిల్లీమీటరు. సందు లావైతే ఎంత మంచి ఇటుకైనా బొమ్మలాగే కనిపిస్తుంది.

చెరువు మట్టిని జల్లించి, పగుళ్లు రాకుండా కొంచెం సన్న ఇసుక కలిపి, సరిగ్గా 19 మిల్లీమీటర్ల చెక్క అచ్చుతో రెండు వందల ఇటుకలు కోశాం. నీడన ఆరబెట్టి, ఒక కుండలో పెట్టి కుమ్మరి ఆవంలో కాల్పించాం. తీసి చూస్తే ఒక్కొక్కటి పదిహేడున్నర మిల్లీమీటర్లే! తప్పు నాదే. ఆరినప్పుడు, కాలినప్పుడు మట్టి కుదించుకుపోతుందని పాఠంలో చెప్పే నేను లెక్కలో మరిచాను. ఇల్లు పడగొట్టడానికి ఇక నెల రోజులే ఉంది.

ఈసారి మట్టిపట్టీ మీద 100 మిల్లీమీటర్ల గీత గీసి కాల్చి చూశాం. 92 అయింది. 19ని 100తో హెచ్చించి 92తో భాగిస్తే 20.65 వస్తుంది. అచ్చు అంత ఉండాలి. వెడల్పుకూ మందానికీ అదే లెక్క. మీ ఊరి మట్టి వేరుగా కుదించుకోవచ్చు, కాబట్టి గీత పరీక్ష మానకండి.

ఇటుకలన్నీ ఒకే ఎరుపు కావాలనుకోకండి. ఆ ఎరుపు మట్టిలోని ఇనుము వల్ల వస్తుంది. సెగ, గాలి తగిలినదాన్ని బట్టి ఒకటి ముదురు, ఒకటి లేత. వాటిని కలిపి పేర్చితేనే నిజమైన గోడ. కాలిన ఇటుకలను సన్న ఇసుకతో డబ్బాలో వేసి కాసేపు కుదిపితే అంచుల వాడి పోతుంది.

కట్టేముందు వాటిని నీళ్లలో తడపాలి. పొడి ఇటుక సున్నంలోని తడిని పీల్చేసి పట్టు తప్పిస్తుంది. పెద్ద ఇటుకను మేస్త్రి తడిపేదీ ఇందుకే. సన్న ఇసుక, సున్నం, కొంచెం తెల్లజిగురు కలిపి పుల్లతో పూయాలి. పిల్లల చేతికి సున్నం తగలనివ్వకండి. కింది వరుస సందు మీద పై వరుస సందు రాకూడదు; అందుకని గోడ ఆగిపోయే అంచుల్లో సగం ఇటుకలు కావాలి.

ఇల్లు పడగొట్టే ముందురోజు గోడలు పూర్తయ్యాయి. అవ్వ వచ్చి చాలాసేపు చూసి, "అన్నీ సరే గాని, పొయ్యి మూల ఇంత తెల్లగా ఉండేది కాదమ్మా" అంది. అమ్మాయి దీపం మసి తెచ్చి ఆ మూల వేలితో రుద్దింది. అప్పుడు అవ్వ కూర్చుంది.

ఇప్పుడా స్థలంలో కొత్త ఇల్లు లేచింది. పాతది ఆ ఇంటి అలమరలో ఉంది. మీ వీధిలోనూ అలాంటి ఇల్లు ఉంటే, నిలబడి ఉండగానే ఒక్క ఇటుకనైనా పిల్లల చేత కొలిపించండి.