కీళ్ల నొప్పులన్నీ వాతము కావు



ఆరాధన ముగిసి మెట్లు దిగునప్పుడు మన పెద్దల నోట వినబడు మాట ఒక్కటే: "అబ్బా, మోకాళ్లు!" మనము వెంటనే "వాతమమ్మా, వయసు వచ్చింది గదా" అని ఓదార్చుతాము. చాలసార్లు అది నిజమే. అరిగిన మోకాలు నడిచినకొద్దీ నొప్పి పెట్టును, కూర్చుంటే తగ్గును. కాని ప్రతి నొప్పికీ ఆ ఒక్క పేరే పెట్టి మనము నష్టపోతున్నాము.

నల్లగొండ వైపు నుండి వచ్చి అడిక్‌మెట్‌లో స్థిరపడిన ఒక పెద్దాయన, నడుము, మెడ పట్టివేసినవని ఏండ్ల తరబడి చెప్పేవారు. మనమందరము తలా ఒక తైలము చెప్పినవారమే. ఆయన గడ్డము రొమ్ముకు ఆనుట లేదని, చొక్కా తొడుగుకొనుటకు చేతులు పైకి లేచుట లేదని మనము గమనించలేదు. కాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడిన తరువాత తీయించిన ఎక్స్‌రేలో అది ఫ్లోరోసిస్ అని తేలినది.

ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఇది ఉన్నదని 1937లోనే వైద్యులు ప్రకటించారు. మన ఇండ్లకు దగ్గరనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ పల్లెల యువకుల మోకాళ్లు లోపలికి వంగిపోవుటను గూర్చి 1973లో వ్రాశారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు ఏండ్ల తరబడి లోనికి పోతే ఎముకలలో పేరుకొనును, కీళ్ల చుట్టూ ఉన్న సంధిబంధనాలు గట్టిపడును, వెన్నుపాము నొక్కుకొనిపోవచ్చును. చిన్ననాట ఆ నీరు త్రాగినవారి పండ్లపై గోధుమరంగు మచ్చలుండును. ఊరు విడిచినను ఎముకలలో చేరినది త్వరగా పోదు. కాబట్టి వైద్యునికి "మా ఊరి బావి నీరు త్రాగి పెరిగాము" అని తప్పక చెప్పవలెను.

ఇంకను కొన్ని గుర్తులు మనస్సున ఉంచుకొందము.

ఒక్క కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, కాలిపోవుచు జ్వరము వచ్చినచో లోపల చీము చేరియుండవచ్చును. తెల్లవారనీయక ఆసుపత్రికి వెళ్లవలెను. కొద్ది రోజులలోనే కీలు పాడైపోవును.

బిడ్డకు గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారములకు నొప్పి ఒక కీలు నుండి మరొక కీలుకు మారుచున్నచో "ఎదిగే నొప్పులు" అని ఊరకుండరాదు. అది రుమాటిక్ జ్వరము కావచ్చును. కీళ్లు బాగుపడును గాని గుండె కవాటములు చెడవచ్చును.

రాత్రి పడుకొన్నను తగ్గని నొప్పి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట కలిసి వచ్చినచో ఎముక క్షయనో, కాన్సరునో అనుమానించి పరీక్ష చేయించవలెను.

ఉదయము లేచిన తరువాత గంటకు పైగా రెండు చేతుల వ్రేళ్లు బిగుసుకొనియుంటే అది కీళ్లవాతమే కావచ్చును. దానికిని తొలినాళ్ల మందే కీళ్లను కాపాడును.

నొప్పికి పేరు పెట్టుట వైద్యుని పని. గుర్తును చూచుట, వేళకు చేయి పట్టుకొని తీసికొనిపోవుట మన పని. ఆ పెద్దాయన విషయములో మనము ఆలస్యము చేసితిమి. ఇక మెట్ల మీద "అబ్బా" అన్న మాట వినబడినప్పుడు తైలము పేరు చెప్పుటకు ముందు ఒక ప్రశ్న అడుగుదము: "ఎక్కడ, ఎప్పటి నుండి, జ్వరమున్నదా?"