మన బట్టలు మనమే ఉతుకుకొనుట



విశ్వవిద్యాలయములు తెరచు దినములు వచ్చినవి. ఈ వారములో మన ఇండ్లలో అనేకచోట్ల పెట్టెలు సర్దుచుందురు. దుప్పటి పెట్టితిమా, పళ్ళెము పెట్టితిమా, ఆవకాయ జాడీ మూత గట్టిగా బిగించితిమా అని తల్లి పదిమార్లు చూచుకొనును. ధ్రువపత్రములు, ఛాయాచిత్రములు, రుసుము రసీదులు తండ్రి ఒక సంచిలో భద్రపరచును. క్రొత్త బట్టలు మడత నలగకుండ పెట్టెలో చేరును. అన్నియు సమకూడినవని అనుకొందుము. కాని ఆ బట్టలు మాసిన తరువాత వానిని ఏమి చేయవలెనో ఆ పిల్లలకు ఎవరును చెప్పరు. పదునెనిమిదేండ్లు నిండి, కఠినమైన లెక్కలు చేయగలిగియు, తన చొక్కా తాను ఉతుకుకొనలేని వారు మనలో ఎందరో కలరు. నేనును అట్టివారిలో ఒకడను. అందుచేతనే ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాను.

1983వ సంవత్సరములో నేను తూర్పు గోదావరి జిల్లాలోని మా గ్రామమునుండి చదువునకై వాల్తేరు వెళ్ళితిని. మా ఇంట దుప్పట్లు, పెద్ద బట్టలు రజకుడు కొనిపోయి చాకిరేవులో ఉతికి తెచ్చెడివాడు. ఆయనకు కళ్ళములో ఏటికి ఇంత ధాన్యమని మేర కొలిచెడివారము. నిత్యము కట్టి విడిచినవి అమ్మయే ఉతికెడిది. నా దృష్టిలో చొక్కా అనునది రాత్రి కొయ్యమేకునకు తగిలించినచో, మరునాటి సాయంకాలమునకు తెల్లగా మడతపడి కనిపించు వస్తువు. నడుమ ఏమి జరుగునో నేనెన్నడును విచారింపలేదు.

వసతిగృహములో మొదటి ఆదివారమున బకెట్టు నిండ నీళ్ళు పట్టి, రెండు తెల్ల చొక్కాలు, ఒక లుంగీ, క్రొత్త ఎర్ర తువాలు అన్నియు కలిపి అందులో పడవేసి, సబ్బుపొడి గుప్పెడు చల్లి, చలనచిత్రమునకు పోయితిని. తిరిగి వచ్చునప్పటికి నీరు కుంకుమ కలిపినట్లున్నది. చొక్కాలు గులాబిరంగు తేలినవి. ఆ వారమంతయు ఆ చొక్కాలతోనే తరగతిలో కూర్చుంటిని. మిత్రులు నవ్విరి.

నేను నేర్చుకొనవలసిన సమయము అది. నేర్చుకొనలేదు. దానికి బదులు సులభమైన ఉపాయమొకటి కనిపెట్టితిని. నెలకొకసారి శనివారము రైలెక్కి, మాసిన బట్టల సంచి భుజమున వేసికొని, తునిలో దిగి ఇంటికి పోవుట ఆరంభించితిని. అబ్బాయికి ఇంటిమీద ఎంత మమకారమోయని ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి. ఆదివారము సాయంకాలమునకు ఆ బట్టలన్నియు ఉతికి, ఆరి, మడతపడి సంచిలో సిద్ధముగ ఉండెడివి. అమ్మ ఎన్నడును ఏమియు అనలేదు. ఇట్లు ఒకటిన్నర సంవత్సరము గడచినది.

1985వ సంవత్సరము సంక్రాంతికి వచ్చినప్పుడు సంచి మరింత బరువుగ ఉన్నది. భోగినాటి మధ్యాహ్నము మంచినీళ్ళకై పెరటిలోనికి పోయితిని. అమ్మ బోరింగు దగ్గర నా చొక్కా పిండుచున్నది. చొక్కా ఒక కొసను బోరింగు పిడికి చుట్టి, రెండవ కొసను ఎడమచేతితో పట్టి మెలిపెట్టుచున్నది. కుడిచేయి ఒడిలో ఉంచుకొన్నది. దాని మణికట్టు వాచి యుండెను.

"చెయ్యేమిటమ్మా అలా ఉంది?" అని అడిగితిని.

"ఏం లేదురా, చలికి పట్టేసింది" అన్నది.

"ఎన్నాళ్ళనించి?"

"మొన్న వానాకాలంనించీ అనుకుంటా. నువ్వు లోపలికెళ్ళు, అరిసెలు పెడతాను."

వానాకాలమునుండి అనగా కనీసము నాలుగు సంచులు. నేను చొక్కా పట్టుకొనబోగా ఆమె ఇయ్యలేదు. "మగపిల్లాడివి, పండగపూట నువ్విక్కడ బట్టలుతికితే చూసినవాళ్ళు నన్నేమంటారు?" అన్నది. ఆనాడు మొట్టమొదటిసారి అమ్మమాట కాదంటిని. తుదకు ఆమె అరుగుమీద కూర్చుండి చెప్పుచుండగా నేను ఉతికితిని. ఆమె చెప్పిన సంగతులను, తరువాత నేను చదివి తెలిసికొన్న కారణములను కలిపి ఇప్పుడు మనవి చేసెదను.

మొదటిది వేరుచేయుట. తెల్లనివి ఒక కుప్ప, ముదురురంగువి ఒక కుప్ప, క్రొత్త రంగుబట్ట వేరుగ. క్రొత్త బట్టను తడిపి, తెల్లని పాతగుడ్డతో అద్ది చూచినచో రంగు దిగునో లేదో తెలియును. జేబులు వెదకవలెను. జేబులో మరచిన కాగితపు ముక్క బకెట్టులోని బట్టలన్నిటికిని అంటుకొనును.

రెండవది నానబెట్టుట. అరగంట చాలును. రాత్రియంతయు నానిన బట్ట వాసన పట్టును, రంగు విడుచును. సబ్బుకు రెండు కొసలు కలవు. ఒకటి నూనెను పట్టును, ఒకటి నీటిని పట్టును. చెమటలోని జిడ్డును ఒక కొస పట్టగా, రెండవ కొస దానిని నీటిలోనికి లాగును. ఆ పనికి కొంత సమయము కావలెను. అందుచేత నానిన బట్టను బలముగ బాదనక్కరలేదు. మెడపట్టీ, చేతిపట్టీలు, చంకలు, ఈ మూడుచోట్ల సబ్బు రాచి రుద్దినచో చొక్కా పని ముక్కాలు తీరినట్లే.

మూడవది నీరు. ఉప్పునీటిలో సబ్బు నురుగు రాదు. కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసి తెల్లని తెట్టు కట్టును. ఆ తెట్టు నూలులో చేరి బట్ట బూడిదరంగు తేలి, బిరుసెక్కును. నురుగు రాలేదని మరింత సబ్బు రుద్దుట వృథా. బట్టల సోడా కొంచెము ముందుగ నీటిలో కలిపినచో ఆ లవణములు విడిపోవును. రజకులు చవుడు వాడుట మీరెరుగుదురు. చవుటిమన్నులో ఉన్నదియు ప్రధానముగ ఆ సోడాయే. రసాయనశాస్త్రము మన పాఠశాలలకు రాకమునుపే చాకిరేవునకు వచ్చినదన్నమాట. నేటి డిటర్జెంటు పొడులు ఉప్పునీటికి అంతగ లొంగవు. కాని పట్టు, ఉన్ని బట్టలకు సోడాయు ఘాటైన పొడియు తగవు. వానికి కుంకుడురసము మేలు.

నాలుగవది జాడించుట. నీరు తేటపడువరకు రెండు మూడుసార్లు జాడింపవలెను. సబ్బు మిగిలిన బట్ట ఒంటికి దురద పుట్టించును. ఎక్కువ పొడి వేసినచో బట్ట ఎక్కువ తెలుపగునను భ్రమ వలదు. ఎక్కువ జాడింపవలసి వచ్చుటయే దాని ఫలము.

ఐదవది ఆరవేయుట. బట్టను గట్టిగ విదిలించి దండెముమీద వేసినచో సగము ఇస్త్రీ అయినట్లే. తెల్లనివి ఎండలో, రంగువి తిరగవేసి నీడలో ఆరవేయవలెను. వాల్తేరువంటి సముద్రతీరమున, వర్షాకాలమున బట్టలు త్వరగ ఆరవు. ఒకదానిపై నొకటి వేసినచో ముక్కిన వాసన వచ్చును. తడిబట్టను పొడి తువాలులో చుట్టి నొక్కి, తరువాత పంకా క్రింద ఎడముగ వేసినచో తెల్లవారునప్పటికి ఆరును.

ఇక మరకలు. నెత్తురుమరకను చన్నీటితోనే కడుగవలెను. వేడినీటిలో అందలి మాంసకృత్తు గడ్డకట్టి నూలును పట్టుకొనును. ఆవకాయ నూనె పడినచో తడుపకముందే సబ్బు రాయవలెను. పసుపుమరకకు సబ్బు తగిలినంతనే ఎర్రబడును, భయపడనక్కరలేదు. శుభ్రముగ జాడించి ఎండలో వేసినచో ఆ ఎరుపు పోవును, మిగిలిన పసుపును ఎండయే క్రమముగ హరించును. ఒక హెచ్చరిక మాత్రము మరువవలదు. తెల్లబట్టలకు వాడు బ్లీచింగు ద్రవమును స్నానాలగది కడుగు యాసిడుతో ఎన్నడును కలుపరాదు. వానినుండి క్లోరిన్ విషవాయువు పుట్టును.

నేడు పెక్కు వసతిగృహములలో ఉతుకు యంత్రములు వచ్చినవి. ఇంకేమి నేర్చుకొనవలెనని పిల్లలు అడుగుదురు. యంత్రము త్రిప్పగలదు గాని ఎర్ర తువాలును తెల్ల చొక్కానుండి వేరుచేయలేదు. దానిని క్రిక్కిరియ నింపినచో బట్టలు తిరుగుటకు చోటుండదు, మురికి పోదు. అమెరికా విశ్వవిద్యాలయములకు పోవు మన పిల్లలు ఆరబెట్టు యంత్రమును గూర్చియు తెలిసికొనవలెను. అందలి జాలిలో చేరిన నూలుధూళిని ప్రతిసారి తీసివేయనిచో నిప్పంటుకొను ప్రమాదము కలదు. అధికమైన వేడిలో నూలుబట్టలు కుదించుకొనిపోవును.

మొదటిసారి ఎవరికిని ఈ పని చక్కగ రాదు. మహాత్మాగాంధీ దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా ఉన్న దినములలో చాకలి ఖర్చు అధికమగుట, బట్టలు సమయమునకు రాకపోవుట చూచి, ఉతుకు సామగ్రి కొని, ఆ విద్యమీద పుస్తకము చదివి, తాను నేర్చుకొని కస్తూరిబాకును నేర్పెను. తాను మొదట ఉతికిన కాలరును ధరించి న్యాయస్థానమునకు పోగా, గంజి ఎక్కువై అది రాలజొచ్చెనట. ఇస్త్రీపెట్టెయు చాలినంత వేడిగ లేకపోయెను. తోటి న్యాయవాదులు నవ్విరి. ఆయన సిగ్గుపడలేదు. తరువాత 1912లో గోఖలే ఆ దేశమునకు వచ్చినప్పుడు, రానడే తనకు బహూకరించిన కండువా నలిగి యుండగా, విందునకు పోవు తొందరలో దానిని ఇస్త్రీ చేయుదునని గాంధీ ముందుకు వచ్చెను. న్యాయవాదిగా నిన్ను నమ్ముదును గాని చాకలిగా కాదని గోఖలే సంశయించెను. అయినను గాంధీ పట్టుబట్టి చేసి ఆయన మెప్పు పొందెను. ఇది ఆయనయే ఆత్మకథలో చెప్పుకొన్న విషయము.

ఈ పనిలో చేయి పెట్టిన పిదపనే నాకు మరియొక సంగతి తెలిసినది. ఒక ఆదివారము పది బట్టలు ఉతుకునప్పటికి నా నడుము పట్టుకొన్నది. మా గ్రామమున రజక కుటుంబము మోకాటిలోతు నీటిలో నిలిచి ఊరందరి బట్టలు ఉతికెడిది. మేము కొలిచిన మేర ఎంత, ఆ శ్రమ ఎంత? పైగా ఆ పనిని మనము తక్కువగ చూచితిమి. అది ఎంత నేర్పుతో కూడినదో చేసినవానికి గాని తెలియదు. తన చొక్కా తాను ఉతికినవాడు ఇతరుల చొక్కాలు ఉతుకువారిని ఏకవచనమున పిలువజాలడు.

అమ్మ చేయి పిదప కొంత నెమ్మదించినది గాని పూర్తిగ నయము కాలేదు. జీవించినంతకాలము బరువు ఎత్తునప్పుడు ఎడమచేతినే చాచెడిది. నా సంచియే దానికి కారణమని ఏ వైద్యుడును చెప్పలేదు. నా సంచి దానికి ఉపకారము చేయలేదని మాత్రము నేనెరుగుదును.

ఈ ఏడు మా మనుమరాలు హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమున చేరుచున్నది. ఆ విద్యాసంస్థకు 2024లో వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. రజక కుటుంబమున పుట్టి, తాను పండించుకొన్న పంటకై విసునూరు దేశముఖును ఎదిరించిన పాలకుర్తి ఐలమ్మ ఆమె. 1985లో కన్నుమూసినది. ఆ పేరు వ్రాసిన ద్వారములోనుండి పోవు పిల్లకు తన బట్టలు తాను ఉతుకుకొనుట వచ్చి యుండవలెనని నేను అంటిని. ఆమె నవ్వి, "నాకెప్పుడో వచ్చు తాతయ్యా, తమ్ముడికి నేర్పు" అన్నది. ఆ మాట నిజము. మన ఇండ్లలో ఈ పాఠము ఆడపిల్లలకు అడుగకనే అబ్బును. మగపిల్లలకు అడిగినను నేర్పరు. గత ఆదివారమునుండి మా మనుమడు బకెట్టు ముందు కూర్చుండుచున్నాడు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పెట్టె సర్దుటకు ముందు నాలుగు ఆదివారములు పిల్లలచేత, ముఖ్యముగ కుమారులచేత, వారి బట్టలు వారిచేతనే ఉతికింపుడు. ఒక చొక్కా పాడైనను పరవాలేదు. ఇంటికి వచ్చునప్పుడు సంచి తేవద్దని ప్రేమతోనే చెప్పుడు. ఇంతకుముందే పరదేశములలో చదువుకొనుచున్న పిల్లలు ఎవరైనను ఈ ప్రసంగము వినుచున్నచో, ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మొదట అమ్మ చేతులు చూడుడు.

సెలవు.