నిలుపుకొన్నవారిదే సంపద



 

మొన్నటి పుష్యమాసమున కొందరు భక్తులతో కూడి మేము థాయిలాండు దేశమునకు పోయి, ఐదు దినములు ఉండి వచ్చితిమి. మన పెద్దలు దీనిని సయాము దేశమనెడివారు. వచ్చిన నాటినుండి పలువురు "అక్కడ ఏమి చూచితిరి?" అని అడుగుచున్నారు. మరికొందరు "వేదము చదివిన మీరు సముద్రము దాటవచ్చునా?" అనియు అడిగిరి. రెండును అడుగదగిన ప్రశ్నలే.

రెండవ దానికి ముందు సమాధానము చెప్పెదము. బౌధాయన మహర్షి సముద్రయానమును దోషములలో లెక్కించెను. దానిని మేము కాదనము. మా సంప్రదాయపు పెద్దల అనుజ్ఞ గైకొని, వారు విధించిన నియమములతో పోయి వచ్చితిమి. అయితే ఆ దేశమున మేము చూచిన వానిలో మిక్కిలి ముఖ్యమైనది, వెనుకటి కాలమున సముద్రము దాటి పోయిన బ్రాహ్మణుల వలననే నిలిచియున్నది. ఆ సంగతి చివరకు వచ్చును.

బ్యాంకాకు విమానాశ్రయము పేరు సువర్ణభూమి. దీనిని 2006లో తెరచిరి. ప్రయాణికులు బయలుదేరు అంతస్తులో క్షీరసాగర మథనమును పెద్ద శిల్పముగా నిలిపిరి. వాసుకిని ఒక వైపు దేవతలు, ఒక వైపు అసురులు పట్టి లాగుచుందురు. నడుమ కూర్మము, దానిపై మందర పర్వతము, పైన శ్రీమహావిష్ణువు. వారి వారముల పేర్లలో ఆదిత్యుడు, చంద్రుడు, అంగారకుడు, బుధుడు, బృహస్పతి, శుక్రుడు, శని వరుసగా వినబడుదురు. ఒకరినొకరు పలుకరించుకొను "సవాదీ" అను మాట మన "స్వస్తి"యే. అయితే ఇది పురాతనపు వాడుక కాదు. 20వ శతాబ్దిలో అక్కడి పండితుడొకడు దానిని కూర్పగా, 1943లో ప్రభుత్వము దేశమంతట వాడుకలోనికి తెచ్చెను.

ఇవి చూచి, విని, మాతో వచ్చినవారిలో ఒకరు "ఇదంతయు మనదే గదా!" అని పొంగిపోయిరి. ఆ ఐదు దినములలో ఆ మాట పలుమారులు వినబడినది. ఆ మాటను గూర్చియే నేడు మేము చెప్పదలచినది.

మొదటి దినమున రాజప్రాసాదమును, అందలి మరకత బుద్ధుని ఆలయమును చూచితిమి. బ్యాంకాకు నగరమును 1782లో స్థాపించిన రాజు మొదటి రాముడు. నేటి రాజు పదవ రాముడు. మరకత బుద్ధుని మూర్తి ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు మాత్రమే. 1784లో దానిని ఇచట ప్రతిష్ఠించిరి. ఎండకాలము, వానకాలము, చలికాలము వచ్చినపుడు రాజే స్వయముగా స్వామికి వస్త్రాలంకారము మార్చును. ఋతువునకు తగిన అలంకారమన్నది మన ఆలయములలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు.

ఆ ఆలయము చుట్టును గల మండపపు గోడలపై 178 చిత్రములలో రామకథ కలదు. వారు దానిని రామకియెన్ అందురు. అందు రావణుడు దశకంఠుడు, సీత అతని కుమార్తె. హనుమంతుడు తెల్లని వానరుడు, బ్రహ్మచారి కాడు. గైడుగా వచ్చిన థాయి యువతి ఈ కథ చెప్పగా మాలో ఒక పెద్దకు కోపము వచ్చినది. మేము ఆయనతో ఇట్లంటిమి: "అయ్యా! మన ఇండ్లలో స్త్రీలు పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర వాల్మీకమున ఉన్నదా? అయినను దానిని మన తల్లులు ఎంతో భక్తితో పాడిరి గదా! ప్రమాణము మనకు వాల్మీకమే. కాని పరుల ఇంట రామకథ వినుచు తగవు పడుట రామభక్తుని లక్షణము కాదు." ఆయన శాంతించి, ఆ పిల్లను మరల చెప్పుమనిరి.

ఇంకొక మాట. మన పెద్దలు దశావతారములలో బుద్ధుని చెప్పిరి. కాని థాయి ప్రజలు బుద్ధుని విష్ణ్వంశగా కొలువరు. వారిది థేరవాద బౌద్ధము. అతిథిగా పోయినవాడు ఇంటివారి దేవునికి తన పేరు పెట్టరాదు. భుజములు, మోకాళ్లు కప్పుకొని, పాదరక్షలు విడిచి లోనికి పోవలెను. మూర్తివైపు కాళ్లు చాపరాదు. స్త్రీలు భిక్షువులను తాకరాదు. ముద్దుగానైనను పరుల తల నిమురరాదు. ఇవి వారి మర్యాదలు. మన మర్యాదలకు ఇవి దూరమైనవి కావు.

వాట్ ఫో ఆలయమున శయన బుద్ధుని మూర్తి 46 మీటర్ల పొడవు. పాదములపై ముత్యపుచిప్పతో పొదిగిన 108 శుభచిహ్నములు కలవు. ప్రక్కన వరుసగా నుంచిన 108 కంచు పాత్రలలో భక్తులు నాణెములు వేయుచు నడతురు. చావ్ ఫ్రయా నదికి ఆవలి ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ సూర్యసారథియైన అరుణుని పేరిట వెలసినది.

అచ్చటి బజారులను గూర్చియు చెప్పవలెను. వాట్ ఫోకు సమీపముననే పాక్ ఖ్లాంగ్ తలాత్ అను పూల బజారు కలదు. మల్లెలు, బంతులు, తామర మొగ్గలు అక్కడ రాశులుగా నుండును. తామర మొగ్గ రేకులను ఒక్కొక్కటిగా లోనికి మడచి, పూవును అందముగా చేసి స్వామికి సమర్పింతురు. ఆ స్త్రీల చేతులను చూచుచు మాతో వచ్చిన తల్లులు అక్కడనుండి కదలలేకపోయిరి.

వేరొక వీధిలో బుద్ధుని చిన్న బిళ్లలు అమ్ముదురు. వానిని మెడలో ధరింతురు. డబ్బిచ్చి తీసికొన్నను "కొంటిని" అనరు. "అద్దెకు తెచ్చుకొంటిని" అందురు. దైవమును కొనుట, అమ్ముట అను మాట నోట రాగూడదని వారి నియమము. మనము మాత్రము దీపము ఆరినదందుమా? కొండెక్కినదందుము. భక్తి మొదట నిలువవలసిన చోటు నాలుకయే. ఆ దేశమునుండి బుద్ధ విగ్రహములను బయటకు తెచ్చుటకు వారి లలితకళల శాఖ అనుమతి కావలెను. యాత్రకు పోవువారు ఇది గుర్తుంచుకొనవలెను.

మరునాడు ఉదయమున డామ్నోన్ సదువక్ అను పడవల బజారునకు పోయితిమి. ఆ కాలువను నాల్గవ రాముని కాలమున 1866లో త్రవ్వ మొదలిడి 1868లో ముగించిరి. కోనసీమవారికి కాలువలు, కొబ్బరిచెట్లు కొత్త కావు. పడవలలో కూర్చుండి పండ్లు అమ్ము వనితలు మాత్రము కొత్త. అయితే రోడ్లు వచ్చిన పిమ్మట కాలువల వర్తకము తగ్గి, నేడు ఆ బజారు చాలమట్టుకు యాత్రికుల కొరకే నడచుచున్నది. పూల బజారు అట్లు కాదు. అది వారి నిత్యపూజ కొరకు నడచుచున్నది. పరులు చూచుటకై నిలిపినది వేరు, తమ కొరకు నిలుపుకొన్నది వేరు. ఈ భేదమును మనసున నుంచుకొనుడు.

భోజన విషయమున జాగ్రత్త అవసరము. అక్కడ కూరలలో సయితము చేపల రసము కలుపుదురు. మాంసము వలదన్నంత మాత్రమున చాలదు. పసుపు గుడ్డపై ఎఱ్ఱని అక్షరములతో "జే" అని వ్రాసిన అంగళ్లలో మాంసము, చేప మాత్రమే కాక ఉల్లి, వెల్లుల్లి కూడ ఉండవు. ఆ దేశమున తులసిని వంటలో వేయుదురు. చూచి కలత చెందవలదు. వారికి అది కూరాకు.

నగరము నడుమ ఐరావతము పేరిట ఎరవాన్ అను చిన్న మండపము కలదు. అందు చతుర్ముఖ బ్రహ్మ. 1956లో దీనిని నిర్మించిరి. బ్రహ్మకు పూజ మన దేశమున అరుదు. పుష్కరము ప్రసిద్ధము. మన గుంటూరు సీమలో చేబ్రోలున చతుర్ముఖుని ఆలయము కలదు. అక్కడనో, పగలు రాత్రి బంతిపూల దండలు, అగరువత్తులు, నాట్యసేవ. 2015 ఆగస్టు 17న అచట బాంబు పేలి 20 మంది మరణించిరి. రెండు దినములలో మండపమును మరల తెరచిరి, భక్తులు మరల వచ్చిరి.

తరువాత అయుత్థయకు పోయితిమి. మన అయోధ్య పేరే అది. 1350లో స్థాపింపబడి, నాలుగు వందల ఏండ్లకు పైగా రాజధానియై, 1767లో బర్మా సైన్యముల చేత నాశనమైనది. వాట్ మహాథాత్ శిథిలములలో రావిజాతి చెట్టు వేళ్ల నడుమ బుద్ధుని శిరస్సు ఒకటి కలదు. దాని కంటె ఎత్తుగా నిలువరాదని, ఫోటో తీసికొనువారు క్రింద కూర్చుండవలెనని నియమము. రాజధాని కూలిన పిమ్మట వారు ఆ ఇటుకలనే పడవలపై బ్యాంకాకునకు తెచ్చి కొత్త నగరము కట్టుకొనిరి. కొత్త నగరపు నిడుపాటి పేరులో అయుత్థయ పేరును చేర్చుకొనిరి. రామకథను మరల వ్రాయించుకొనిరి.

ఆ సంగతి వినినపుడు మాకు మన అమరావతి మనసున మెదలినది. థాయి దేశపు ప్రాచీన ద్వారవతి శిల్పములలో అమరావతి శిల్పుల ఛాయ కలదని కళాచరిత్ర నెరిగినవారు చెప్పుదురు. అంతటి మహాస్తూపము కృష్ణాతీరమున మన కనుల యెదుట నుండగా ఏమి జరిగినది? ఇంచుమించు అదే కాలమున, 18వ శతాబ్ది చివర, ఆ దిబ్బను త్రవ్వి రాళ్లను కట్టడములకు మోసికొనిపోయిరి. కొన్నింటిని సున్నము కొరకు కాల్చిరి. 1797లో కాలిన్ మెకంజీ చూచునాటికే చాలమట్టుకు చెడినది. మిగిలిన శిల్పములలో అనేకము నేడు చెన్నైలోను, లండనులోను ఉన్నవి. "ఇదంతయు మనదే" అన్నవారు ఈ కథ కూడ చెప్పవలెను గదా!

ఇక ముఖ్యమైన సంగతి. బ్యాంకాకులో దేవస్థాన్ అను బ్రాహ్మణాలయము కలదు. 1784లో మొదటి రాముడు కట్టించెను. శివునికి, గణపతికి, విష్ణువునకు మూడు గుడులు. దగ్గరలో ఎఱ్ఱని టేకు స్తంభములతో పెద్ద ఊయల. పూర్వము ఉత్సవమున యువకులు దానిపై ఊగి, ఎత్తున కట్టిన నాణెముల సంచిని పంటితో అందుకొనెడివారు. 1935 నుండి ఊగుట నిలిచినది. శిథిలమైన స్తంభముల స్థానమున 2007లో కొత్తవి నిలిపిరి. ఊగుట లేకున్నను ఆలయము లోపలి క్రతువు ఆగలేదు. దాని పేరు త్రియంపవాయ్, త్రిపవాయ్. మాణిక్యవాచకుని తిరువెంబావై, గోదాదేవి తిరుప్పావై అను పేర్లే ఇట్లైనవి. ఏ గోదాదేవి కథను శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగున చెప్పెనో, ఏ పాశురములను ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులు చదువుదురో, ఆ తల్లి పాట పేరు అక్కడ పండుగ పేరైనది.

మేము పోయినవి ఆ క్రతువు దినములే. సాయంకాలమున కూర్చుండి వింటిమి. తెల్లని వస్త్రములు, ముడిచిన శిఖ. దక్షిణ భారతమునుండి తరతరముల క్రిందట పోయినవారి వంశీయులు వారు. తిరువెంబావై పాదములనే చదువుదురని విన్నాము. కాని ఆ ధ్వనిలో మాకు ఒక్క మాటయు స్పష్టముగా పట్టుబడలేదు. స్వరము మారినది. భాష వారికి తెలియదు. అది తమిళమని 20వ శతాబ్దిలో పండితులు పోల్చి చెప్పవలసి వచ్చినది. అయినను వారు విడువలేదు. ఏటేట వైశాఖ ప్రాంతమున రాజు పేర జరుగు ఏరువాకను నడపువారు వారే. 2019 మే 4న నేటి రాజునకు పట్టాభిషేకము జరిగినపుడు రాజచిహ్నములను సమర్పించినవారును వారే.

మాతో వచ్చిన ఒకరు మెల్లగా "అర్థము తెలియని చదువు దేనికి?" అనిరి. పాఠశాలలో పెరిగిన మేము ఆ మాటను ఒప్పుకొనలేము. గురువు ఒకమారు చెప్పగా శిష్యులు రెండుమారులు పలుకుట సంత. ఎనిమిదేండ్ల బాలునికి అర్థము తెలియునా? ముందు అక్షరము నిలువవలెను. నిలిచిన అక్షరమునకు అర్థము ఏనాటికైనను వచ్చును. నిలువని దానికి అర్థము చెప్పువాడును ఉండడు. గురుదేశముతో రాకపోకలు తెగిపోగా, పుస్తకము, తండ్రి నోరు, ఈ రెండింటి ఆధారముననే వారు ఇంతకాలము నిలుపుకొనిరి. వారి చదువులో లోపమెన్నుటకు ముందు వారి పట్టుదలకు నమస్కరింపవలెను. మేము నమస్కరించితిమి.

మన సంగతి చూడుడు. ఇక్కడ స్వరము చెడలేదు. పదము, క్రమము, జట, ఘనము చెప్పగలవారు నేటికిని ఉన్నారు. అర్థము చెప్పు భాష్యములు ఉన్నవి. లేనిది ఏమి? ఇంట పెండ్లి జరుగుచుండ "త్వరగా కానిండు, ఫోటోలవారు వేచియున్నారు" అనుచున్నాము. ఇంటి పిల్లవానిని పాఠశాలకు పంపుడన్న మోము త్రిప్పుకొందుము. ఇట్లుండి సముద్రమునకు ఆవల ఒక శిల్పమును చూచి "ఇది మనదే" అనుటలో ఏమి ఘనత? తాతగారి పొలము దస్తావేజు చేతనుండి, పొలము బీడు పెట్టినవాడు పొరుగువాని పంటను చూచి మురిసినట్లుండును. దున్నినవానిదే పంట, నిలుపుకొన్నవారిదే సంపద.

కావున పోగలవారు ఆ దేశమునకు పోయి రండు. వారి మర్యాద పాటించి, వారు చెప్పునది వినుడు. తిరిగి వచ్చిన పిదప ఒక్క పని చేయుడు. రాబోవు ధనుర్మాసమున మీ ఇంటి పిల్లలలో ఒక్కరినైనను తెల్లవారుజామున ఈ ఆలయమునకు తెచ్చి, పాశురములు జరుగునంతసేపు కూర్చుండబెట్టుడు. అర్థము కాలేదని ఆ బిడ్డ అన్నచో, విసుగుకొనక, "మరల రేపు విందువుగాని" అనుడు. ముప్పది దినములు గడచునప్పటికి ఒక్క పాశురమైనను నోట నిలుచును. దానిని ఇక ఎవరును మోసికొనిపోలేరు.

స్వస్తి.